పెంటవ్వ సగం

రాధాకిషన్ సేఠ్ సోమవారం పొద్దున ఫోను చేసినప్పుడు నేను కొట్టంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. నాందేడ్ వజీరాబాద్‌లో ఆయనది పెద్ద కిరాణా దుకాణం. రెండు నెలలుగా మా యేసూర్ పొడి అక్కడ పెట్టి అమ్మి చూస్తున్నాడు. జనానికి నచ్చిందట. ఇకమీదట నెలకు మూడు వందల పొట్లాలు కావాలన్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది గానీ ఆయన మాట అక్కడితో ఆగలేదు. పొట్లం మీద వ్యాపారం పేరుండాలట, సర్కారు నంబరుండాలట, డబ్బు వెయ్యడానికి ఆ పేరు మీదే బ్యాంకు ఖాతా ఉండాలట. శుక్రవారం మధ్యాహ్నంలోపల కాగితాలు చూపిస్తే సరే, లేదంటే నాయ్‌గావ్ నుంచి ఇంకొకావిడ ఇదే పొడి పట్టుకుని వచ్చి కూర్చుందన్నాడు. నాలుగు రోజుల గడువేమిటి, ఇదేమైనా పెళ్ళి ముహూర్తమా అని అడగబోయాను. అప్పటికే పెట్టేశాడు మహానుభావుడు.

నా పేరు కాశీబాయి. ఇస్లాపూర్‌కు నాలుగు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. నోటి దురుసుదని మా అత్తగారు పెట్టిన పేరు ఆవిడ పోయినా నాకు పోలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఆ వారం నేను ఎవరెవరి మీద అరిచానో చెప్పవలసి వస్తుంది, అరవవలసిన చోట ఎలా నోరు మూసుకున్నానో కూడా చెప్పవలసి వస్తుంది. రెండోదానికే నాకు ఎక్కువ సిగ్గు.

మా వైపు యేసూర్ లేకుండా పెళ్ళి భోజనం ఉండదు. జొన్నలు, గోధుమలు, శనగపప్పు, ధనియాలు, ఎండుకొబ్బరి, మిరపకాయలు విడివిడిగా వేయించి, కలిపి పట్టించిన పొడి అది. మరిగే నీళ్ళలో గుప్పెడు వేస్తే నలుగురికి సరిపడా పులుసు చిక్కగా వస్తుంది. పట్టించడం కొట్టంలో ఉన్న మిషిను పని, ఎవరైనా చేస్తారు. కిటుకంతా వేయించడంలో ఉంది. జొన్నల బాణలి ఎప్పుడు దించాలో నాకు ఇప్పటికీ తెలియదు. పెంటవ్వకు తెలుసు. ఆమె బాణలి వైపు చూడను కూడా చూడదు, ముక్కు ఎగబీల్చి ఇక దించమంటుంది.

పెంటవ్వ నాకన్నా రెండేళ్ళు పెద్ద. భూమి లేని ఇంటి మనిషి. ఆమె, మొగుడు మాణిక్, ఇద్దరూ కూలికి పోయి బతికేవాళ్ళు. పదకొండేళ్ళ కిందట మా పత్తి ఏరడానికి వచ్చి మధ్యాహ్నం సద్ది విప్పితే, ఆ పులుసు వాసనకు నేను గట్టు దిగి వెళ్ళి ఏమిటది అని అడిగాను. వాళ్ళమ్మ నేర్పిన యేసూర్ అంది. ఆ ఏడాదే ఇద్దరం మొదలుపెట్టాం. కొట్టం, ధాన్యం, కట్టెలు నావి. చెయ్యి, చాకిరీ, కిటుకు ఆమెవి. సరుకు చెరి సగం.

పొలాల్లో ఇలాంటి ఏర్పాటును మా వైపు పాలు అంటారు. భూమి ఒకరిది, కష్టం ఒకరిది. పంట చేతికొచ్చాక కష్టం చేసినవాడు కళ్ళంలో రెండు కుప్పలు పోస్తాడు. భూమి గలవాడు తనకు నచ్చిన కుప్ప ముందు తీసుకుంటాడు. మేమూ అంతే. ప్రతి గురువారం తెల్లగుడ్డ పరిచి పెంటవ్వ రెండు కుప్పలు పోసేది, నేను ఒకటి తీసుకునేదాన్ని. నాది నేను ఇస్లాపూర్ సంతలో అమ్మేదాన్ని, తనది తను మాండవి వైపు పెళ్ళిళ్ళవాళ్ళకు అమ్ముకునేది. పదకొండేళ్ళలో ఏ కుప్ప పెద్దదో చూడాలని నాకెప్పుడూ అనిపించలేదు. కుడిచేతి వైపుది లాక్కుని లేచిపోయేదాన్ని.

నలుగురి ఎదుట ఆమె నన్ను పటేలమ్మ అనేది. కొట్టంలో ఇద్దరమే ఉంటే కాశవ్వ అనేది. ఆమె టీ గ్లాసు కొట్టం గూట్లో ఉండేది, ఇంట్లోకి వచ్చేది కాదు. అది మా అత్తగారు పెట్టిన పద్ధతి. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. గ్లాసు గూట్లోనే ఉంది, నేనూ తియ్యలేదు.

సేఠ్ ఫోను సంగతి చెప్పగానే పెంటవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఇప్పుడిక కుప్పలు చేసుకుని ఎవరిది వాళ్ళు అమ్ముకుంటే కుదరదు, సరుకంతా ఒక్క పేరు మీద పోవాలి అని చెప్పాను. ఆమె ఖాళీ పొట్లం ఒకటి చేతిలోకి తీసుకుంది.

"నా పేరు గూడ అచ్చుల పడ్తదా కాశవ్వ, పొట్లం మీద?"

"పడ్తది. ఎందుకు పడది?" అన్నాను.

ఆమె నవ్వు దాచుకోవడానికి తల పక్కకు తిప్పుకుంది. ఆ మాట నేనే అన్నాను, నన్నెవరూ బలవంతం చెయ్యలేదు.

మంగళవారం సర్కారువాళ్ళ ఎస్టీ బస్సెక్కి కిన్వట్ వెళ్ళాను. అక్కడ తహసీలు కచేరీ ఎదురుగా సూర్యకాంత్ అనే అతనికి ఒక చిన్న గది ఉంది. పన్ను కాగితాలు, లైసెన్సులు, అర్జీలు అన్నీ చేసిపెడతాడు. ఆడవాళ్ళందర్నీ మరాఠీలో వదిన అన్నట్టు వైనీ అంటాడు. నేను చెప్పింది విని మూడు దారులున్నాయన్నాడు. మొదటిది ఒక్కరి పేరు మీద పెట్టుకోవడం. రెండు రోజుల్లో అయిపోతుంది, ఖర్చు తక్కువ. అయితే చట్టం దృష్టిలో యజమాని ఆ ఒక్కరే, మిగతావాళ్ళు ఎంత చేసినా పనివాళ్ళే. రెండోది భాగస్వామ్యం. ఎవరి వాటా ఎంతో స్టాంపు కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టాలి. వ్యాపారం కోసం ఒకరు అప్పు చేస్తే రెండోవాళ్ళూ జవాబు చెప్పుకోవాలి. మూడోది కంపెనీ. అది మీకెందుకు వైనీ అని అతనే కొట్టిపారేశాడు.

రెండోదే కావాలని, సగం సగం రాయమని చెప్పాను. వ్యాపారం ఏ ఇంట్లో జరుగుతుందని అడిగాడు. మా ఇంట్లో అన్నాను. ఇల్లు ఎవరి పేరు మీద ఉందన్నాడు. మా ఆయన పేరు మీద. అయితే పంచాయతీ నుంచి ఇల్లు ఎవరిదో చెప్పే ఉతారా, మీ ఆయన అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం తెండి, భాగస్వామికి ఇంటి మీద ఏ హక్కూ రాదని దస్తావేజులో ఒక వాక్యం నేనే రాస్తాను, ఆయనకు బెంగ ఉండదు అన్నాడు. ఇంత చిన్న పనికా నేను బస్సులో ఒళ్ళు హూనం చేసుకున్నానని మనసులో అనుకుంటూ ఇంటికొచ్చాను.

మా ఆయన మారోతి నెమ్మది మనిషి. నేను పది మాటలంటే ఆయన ఒకటంటాడు. సాయంత్రం రొట్టె తింటున్నప్పుడు సంగతి చెప్పాను. చేతిలో ముక్క అలాగే పట్టుకుని ఆగిపోయాడు.

"పెంటవ్వ పేరా? మన ఇంటి కాయితంలనా?"

ఇంటి కాగితం కాదు, వ్యాపారం కాగితం అన్నాను. ఇంటి మీద హక్కు రాదని రాస్తారట అని కూడా చెప్పాను.

"రాసేటోడు నూరు రాస్తడు. రేపు కోర్టుకు ఆడు అస్తడా? మా తాత గిట్లనే ఒగని పేరు ఎక్కనిచ్చిండు. వాగొడ్డు ఐదెకరాలు పోయినయ్. నేను దస్తఖత్ జెయ్య."

ఆ ఐదెకరాల కథ మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకూ తెలుసు. నిజాం సర్కారు పోయిన కొత్తలో కౌలుదారు చట్టం వచ్చింది. ఎవడు దున్నుతున్నాడో వాడి పేరు భూమి పత్రంలో ఎక్కితే భూమి వాడికే దక్కుతుందన్నారు. మా ఆయన తాత అమాయకంగా ఒకడి పేరు రాయించాడు, వాగు పక్కన బంగారంలాంటి ఐదెకరాలు పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి మా ఇళ్ళల్లో పాలుకు ఎవర్ని పెట్టుకున్నా పేరు మాత్రం ఏ కాగితం మీదా పడనివ్వరు. భూముల లెక్క రాసే తలాఠీ వచ్చి అడిగితే మేమే దున్నుకుంటున్నాం అని చెబుతారు. భూమికీ పొడికీ సంబంధమేమిటి, కొట్టానికీ కౌలుకూ పోలికేమిటి అని నేను గొంతు చించుకున్నాను. ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. లేస్తూ, నీ ఒక్కదాని పేరు మీదైతే ఇప్పుడే సంతకం పెడతాను అన్నాడు.

నిజం చెప్పాలి. ఆయన మీద అరుస్తున్నంతసేపూ నాలో ఒక మూల హాయిగా ఉంది. పొట్లం మీద కాశీబాయి యేసూర్ అని ఒక్క పేరే పడితే ఎలా ఉంటుందో కళ్ళకు కనిపించింది. పైగా శుక్రవారం దగ్గరికొస్తోంది. కాగితం ఎలా ఉంటేనేం, ఇచ్చేది సగమేగా, నేనేమైనా తినేస్తానా అనుకున్నాను. పాలుకు మనిషిని పెట్టుకున్న మా మామగారూ ఇలాగే అనుకుని ఉంటారని అప్పుడు తట్టలేదు.

బుధవారం పొద్దున్నే మా ఆయన సంతకం పెట్టిచ్చిన కాగితం పట్టుకుని మళ్ళీ కిన్వట్ వెళ్ళాను. ఒక్కరి పేరు మీదే చేసెయ్యమన్నాను. సూర్యకాంత్ ఫారం తెరిచి నా పేరు, ఊరు, ఇంటి నంబరు కొట్టాడు. తినే వస్తువు కాబట్టి చేత్తో ముట్టుకునే పనివాళ్ళ పేర్లు రాయాలి, వాళ్ళు దవాఖానలో పరీక్ష చేయించుకుని ఆ కాగితం జతపరచాలి అని చెప్పాడు.

"కామ్‌గార్లు ఎందరు వైనీ?"

"ఒక్కతే. పెంటవ్వ."

అతని వేళ్ళు ఆగిపోయాయి. "నిన్న భాగీదార్ అన్నరు గద?"

నిన్నటి మాట నిన్నటిది, నువ్వు కొట్టు అని కసిరాను. అతను కొట్టాడు. పేరు పెంటవ్వ, పని వేయింపు, హోదా కామ్‌గార్, రోజు కూలి. మరాఠీ అక్షరాల్లో వరసగా నల్లగా పడ్డాయి. దవాఖానకు ఇవ్వవలసిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. ఆమె పరీక్ష కాగితం వచ్చాక శుక్రవారం పొద్దున అర్జీ పంపిస్తానన్నాడు. తిరుగు ప్రయాణంలో ఆ కాగితాన్ని సంచిలో నాలుగు మడతలు పెట్టి అడుగున దాచుకున్నాను. దాచవలసిన అవసరమేముంది, బస్సులో ఎవరు చూడొచ్చారు.

కొట్టంలో పెంటవ్వ బాణలి తోముతోంది. సర్కారు రూలట, దవాఖానకు పోయి రక్తం చూపించుకోవాలట అంటూ కాగితం ఇచ్చాను. వేలిముద్ర వేసిస్తుందని, చదవదని నా ఆశ. ఆమె మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా చదివిందని నాకు తెలుసు. దూరపు అక్షరాలు నాకు ఆనవు, బస్సుల బోర్డులు చదివి చెప్పేది ఆమే. తడి చెయ్యి తుడుచుకుని, కాగితం మడతలు విప్పి, వేలు పెట్టి ఒక్కొక్క పంక్తే చదివింది. ఒక చోట వేలు ఆగింది. అక్కడినుంచి కదలడానికి చాలాసేపు పట్టింది.

నేను మిరపకాయలు ఎండలో మళ్ళీ పరుస్తున్నట్టు నటించాను. ఇది కాగితం వరకే, మన మధ్య ఏమీ మారదు అని చెప్పడానికి నోరు తెరిచాను. దేనికైనా తెరుచుకునే నా నోరు అప్పుడు పెగల్లేదు.

ఆమె కాగితం మడిచి నడుముకు చెక్కుకుంది.

"సరే పటేలమ్మ," అంది.

కొట్టంలో మేమిద్దరమే ఉన్నాం.

గురువారం వస్తుందో రాదో అనుకున్నాను. టైముకే వచ్చింది. పొయ్యి వెలిగించింది, ధనియాలు వేయించింది, కొబ్బరి వేయించింది. జొన్నలు దించే వేళకు ముక్కు ఎగబీల్చలేదు, తనే లేచి దించుకుంది. మిషిను ఆగాక తెల్లగుడ్డ పరిచి పొడి పోసింది. గిన్నె తరవాత గిన్నె ఒకే చోట పోసుకుంటూ పోయింది. ఒక్క పెద్ద కుప్ప అయింది. అంచులు అరచేత్తో సర్ది, చేతులు కడుక్కుని, గుమ్మం పక్కన ఒదిగి కూర్చుంది.

రెండో కుప్ప ఏదని అడిగాను.

"కూలిదానికి కుప్పేంది పటేలమ్మ? దినం కూలి ఎంతుంటే గంత ఇయ్యిండ్రి, పోత."

నాకు కోపం నషాళానికెక్కింది. తప్పు నాదైనప్పుడు నాకు మరీ ఎక్కువ ఎక్కుతుంది. ఇన్నేళ్ళలో నీకు పిడికెడు తక్కువ చేశానా, ఏనాడైనా పెద్ద కుప్ప ఏరుకున్నానా, శుక్రవారం తప్పితే ఇద్దరికీ ఏమీ మిగలదని కాదా నేనీ అవస్థ పడుతున్నది అని అరిచాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి విన్నారేమో కూడా తెలియదు. ఆమె కదల్లేదు, గొంతు పెంచలేదు.

"తక్కువ జెయ్యలే. నేనంటనా? మా మామ శివరాం మీ చేను పద్నాలుగేండ్లు దున్నిండు. ఆయనకు గూడ మీ మామ ఏనాడు తక్కువ జెయ్యలే. ఒక్క ఎండకాలం సర్కారోళ్ళు దున్నేటోళ్ళ పేర్లు రాసుకుంటున్నరని తెల్సింది. పొద్దుగాల్ల పిల్సి, రేపటి సంది రాకు అన్నడు. గంతే. మా మామ ఎవ్వలకు జెప్పుకుంటడు? ఏ కాయితంల గూడ ఆయన లేకుండె. నా ఎండకాలం ఎప్పుడస్తదో నేను జూస్కుంట కూసోవాల్నా?"

ఆ శివరాం ముసలాయన్ని నేను చూశాను. నేను కాపరానికి వచ్చినప్పుడు మా చేను గట్టు పక్కనుంచి రోజూ గొడ్లను తోలుకుపోయేవాడు. ఒక్కనాడు కూడా చేను వైపు తల తిప్పి చూడలేదు. పొగరు అనేవారు మా అత్తగారు. నేనూ పొగరే అనుకున్నాను.

పెంటవ్వ కూలి కోసం ఇంకాసేపు చూసి, నేను కదలకపోయేసరికి లేచి వెళ్ళిపోయింది. నేను ఆ కుప్ప ముందు కూలబడ్డాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. పదకొండేళ్ళ పనంతా నాదే అన్నట్టు ఎదురుగా కుప్ప పడి ఉంటే దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. ఒక్క కుప్ప చూసి ఆయనకు విషయం అర్థమైంది. ఇదే నయం, రేపు ఏ తగాదా ఉండదు అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. ఆ నెమ్మదే నన్ను లేపింది.

సూర్యకాంత్‌కు ఫోను చేసి ఒకటే అడిగాను. భాగస్వామ్యానికి చోటు మా ఇల్లే కావాలా, రెండో మనిషి ఇల్లయినా పనికొస్తుందా? ఎవరిదైనా పరవాలేదు, ఉతారా ఉంటే చాలన్నాడు. పెంటవ్వది సర్కారు కట్టించిన రెండు గదుల ఇల్లు. పథకం ఆడవాళ్ళ పేరు మీద వచ్చింది కాబట్టి ఇల్లు ఆమె పేరు మీదే ఉంది. చెప్పులేసుకుంటుంటే ఎక్కడికని అడిగాడు మా ఆయన. చెప్పాను.

"గా గల్లికి పోయి పని జేస్తవా నువ్వు?"

"ఆమె పదకొండేండ్లు మన గల్లికి అచ్చింది. నీ ఇల్లు నీకే ఉండనీ. నీ దస్తఖత్ నాకొద్దు."

మిషిను గురించి కూడా ఒక మాట అనబోయాడు. అది నా కుప్పల డబ్బుతో కొన్నదని గుర్తుచేశాను. ఆయన గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

మా ఇంటి నుంచి వాళ్ళ గల్లీకి మూడు నిమిషాల నడక. ఇన్నేళ్ళలో ఆ మూడు నిమిషాలు నేను నడవలేదు. మాణిక్ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి గాభరాగా లేచాడు. పెంటవ్వ లోపలినుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. రమ్మనలేదు. నేను వాకిట్లో నిలబడే చెప్పాను. నీ ఇంట్లో పెడదాం, ఇద్దరి పేరు, సగం సగం, రేపు పొద్దున కిన్వట్ వస్తే కాగితం అవుతుంది అన్నాను. ఆమె ముఖం విచ్చుకుంటుందని, కాశవ్వా అంటుందని ఎదురుచూశాను. ఎంత ఆశో నాది.

ఆమె ఇంటి గోడ వైపు ఒకసారి చూసుకుంది.

"నా ఇల్లు గా కాయితంల రాస్తే, రేపు నువ్వో, నీ మొగడో, నీ పిల్లలో అచ్చి ఇంట్ల సగం మాదంటే?"

నా ఒళ్ళు భగ్గుమంది. నన్నా ఆ మాట అడుగుతున్నావు, ఈ రెండు గదులకు ఆశపడే మనిషిలా కనిపిస్తున్నానా అనే మాట గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. అది మా ఆయన అడిగిన ప్రశ్నే. రొట్టె ముక్క చేత్తో పట్టుకుని మంగళవారం ఆయన సరిగ్గా ఇదే అడిగాడు. ఆయన తాతకు పోయినవి ఐదెకరాలు. ఈమెకు ఉన్నదే ఈ రెండు గదులు. సూర్యకాంత్ చెప్పిన వాక్యమే అందుకున్నాను. ఇంటి మీద భాగస్వామికి ఏ హక్కూ రాదని రాస్తారు పెంటవ్వా అన్నాను.

"గది రాపియ్యి. నేను సదివినంకనే దస్తఖత్ జేస్త."

శుక్రవారం పొద్దున పెంటవ్వ ఇంటి ఉతారా తీసుకుని ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళాం, వేరే వేరే సీట్లలో కూర్చున్నాం. సూర్యకాంత్ స్టాంపు కాగితం మీద మరాఠీలో అంతా కొట్టి ఆమె ముందు పెట్టాడు. మూడు పేజీలు. పదకొండున్నర అయింది. సేఠ్ రెండుసార్లు ఫోను చేశాడు, రెండుసార్లూ పంపిస్తున్నాం అన్నాను. పెంటవ్వ వేలు పెట్టి చదువుతోంది. ఒక్కొక్క పంక్తి దగ్గర ఆగి సూర్యకాంత్‌ను అర్థం అడుగుతోంది. వాటా దగ్గర ఆగింది, సగం అని రెండుసార్లు చెప్పించుకుంది. ఒకరు రెండోవారిని నోటిమాటతో తీసెయ్యడానికి లేదు, రాసిచ్చి లెక్క తేల్చాలి అన్న పంక్తిని వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. ఇంటి వాక్యం దగ్గర కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. కాశీబాయికి గానీ ఆమె వారసులకు గానీ సదరు ఇంటి మీద ఎలాంటి హక్కూ ఉండదు. నా పేరు అలా ఒక మోసగత్తె పేరులా రాసి ఉండటం చూసి నా చెవులు వేడెక్కాయి. పన్నెండు కావస్తోంది. కాగితం లాక్కుని నేనే చదివి వినిపించెయ్యాలని చేతులు దురద పెట్టాయి. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

పన్నెండుంబావుకు ఆమె సంతకం పెట్టింది. వేలిముద్ర కాదు, ఐదారు అక్షరాలు ఒత్తి ఒత్తి రాసింది. దాని కింద నేను పెట్టాను. సూర్యకాంత్ దస్తావేజూ అర్జీ రసీదూ ఫోటో తీసి సేఠ్‌కు పంపాడు. సేఠ్ నుంచి సరేనని ఒక ముక్క వచ్చింది, నంబరూ ఖాతా వచ్చాకే సరుకు పంపమని ఇంకో ముక్క. నేను ఊపిరి పీల్చుకున్నాను. పెంటవ్వ నడుమునుంచి ఆ నాలుగు మడతల కాగితం తీసింది. ఇక దాంతో పనిలేదు, చించెయ్యండి అన్నాడు సూర్యకాంత్.

"ఉండనీ," అని మళ్ళీ నడుముకే చెక్కుకుంది.

శనివారం ఆటో మాట్లాడి మిషిను తరలించాను. మా ఆయన అడ్డం రాలేదు, చెయ్యీ వెయ్యలేదు. గురువారం నాటి కుప్పను తెల్లగుడ్డలో అలాగే మూట కట్టి నెత్తిన పెట్టుకుని నేను నడిచే వెళ్ళాను. దారిలో ఇద్దరు ముగ్గురు నిలబడి చూశారు. చూడనీ. వెళ్ళగానే దాహమేసి నీళ్ళడిగాను. పెంటవ్వ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి చెంబుతో తెచ్చిచ్చింది. తాగాను.

ఆ పొడి సేఠ్ లెక్కలోది కాదు, పాత పద్ధతిలో పంచుకోవలసింది. ముందు గదిలో గుడ్డ విప్పి పరిచాక ఆమె చెయ్యి కదుపుతుందని చూశాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పుడు వెలిగింది నాకు. ఇప్పుడు చోటు ఆమెది. చోటు గలవాళ్ళు ఏరుకుంటారు, కుప్పలు పొయ్యవలసింది నేను.

గిన్నె తీసుకుని పొయ్యడం మొదలుపెట్టాను. ఎంత కష్టమైన పనో ఆ రోజు తెలిసింది. సమానంగా వచ్చిందో లేదో అని ప్రతి గిన్నెకూ చెయ్యి వెనకాడింది. ఆఖర్న, ఆమె వైపున్న కుప్ప మీద నాలుగు గుప్పెళ్ళు ఎక్కువ పోశాను. పొరపాటున కాదు, కావాలనే పోశాను. బుధవారం నుంచి నాలో గుచ్చుకుంటున్నది దాంతో కాస్త తగ్గుతుందనుకున్నాను. పోసి, తీసుకో అన్నట్టు చూశాను.

పెంటవ్వ రెండు కుప్పల వైపూ చూసింది. పదకొండేళ్ళలో నేనెప్పుడూ అంతసేపు చూడలేదు. ముందుకు వంగి పెద్ద కుప్ప మీద అరచెయ్యి పెట్టింది. తీసుకుంటుందనుకున్నాను. దాన్ని అలాగే నెట్టి చిన్న కుప్పలో కలిపేసింది. మళ్ళీ ఒక్క కుప్ప అయింది.

"మళ్ళ జెయ్యి," అంది. "సమానంగ జెయ్యి కాశవ్వ."

నేను గిన్నె తీసుకున్నాను.